ఇరవైమూడో ఎర్రర్

పెద్దకోడలికి అసూయ లేదు. ఎవరైనా అడిగితే ఆ మాట ఆవిడే చెబుతుంది. "నాకెందుకమ్మా కుళ్ళు? దాని పని దానిది, నా పని నాది" అంటుంది. అలా అనేటప్పుడు చేతిలో గిన్నె ఉంటే దాన్ని కాస్త గట్టిగా కింద పెడుతుంది. అంతకు మించి ఏమీ లేదు.

ఆ ఇంటి కోడళ్ళిద్దరూ ఒకే ఆఫీసులో, ఒకే గదిలో, పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఒకే పని చేస్తారు. ఇలాంటి ఏర్పాటు బుద్ధి ఉన్నవాళ్ళెవరూ చేయరు. ఇక్కడ చేసింది అత్తగారు. చిన్నకొడుకు పెళ్ళయిన కొత్తలో, వచ్చిన పిల్ల కూడా పెద్దకోడలి చదువే చదివిందని తెలిసి, "మీ ఆఫీసులో ఒక మాట చెప్పి చూడమ్మా, ఇద్దరూ ఒకే స్కూటర్ మీద వెళ్ళిరావచ్చు" అంది. కాదంటే బాగుండదని పెద్దకోడలు చెప్పింది. ఉద్యోగం రాదులే అన్న ధైర్యంతోనే చెప్పింది. వచ్చింది. మేనేజర్ ఎంతో ఆలోచించినట్టు, "మీవాళ్ళే కదా, మీ పక్కనే కూర్చోబెడదాం" అన్నాడు.

వాళ్ళ పనేమిటో చెప్పకపోతే ఈ గొడవ అర్థం కాదు. రక్తపరీక్షలు చేసే ల్యాబుల్లో పెద్ద యంత్రాలుంటాయి. రక్తం ట్యూబుల్ని ట్రేలో వరసగా పెడితే యంత్రం ఒక్కొక్కదాన్నీ పరీక్షించి ఫలితం చెబుతుంది. ఆ ఫలితాన్ని యంత్రాన్ని అడిగి తీసుకుని, ల్యాబు కంప్యూటర్లో సరైన మనిషి పేరు కిందికి చేర్చే ప్రోగ్రాం ఒకటుంది. దాన్ని లైబ్రరీ అంటారు. అందులో పుస్తకాలుండవు. ఒకరు రాసిపెడితే పదిమంది తమ ప్రోగ్రాముల్లో కలుపుకుని వాడుకుంటారు, అందుకని ఆ పేరు. ఆ లైబ్రరీని మొదటి అక్షరం నుంచీ రాసింది పెద్దకోడలు.

యంత్రం అన్నాక మొరాయిస్తుంది. మొరాయించినప్పుడల్లా లైబ్రరీ పని ఆపేసి ఒక ఎర్రర్ పైకి పంపుతుంది. పెద్దకోడలు రాసినదాంట్లో ఎర్రర్ ఒకటే రకం, దాని లోపల ఒక నంబరు. ల్యాబులో కూర్చున్న మనిషికి తెరమీద ఎర్రర్ ఏడు అనో, ఎర్రర్ ముప్పై ఒకటి అనో కనిపిస్తుంది. ఏడంటే ఏమిటో, ముప్పై ఒకటంటే ఏమిటో పెద్దకోడలికి తెలుసు. ఇంకెవరికీ తెలియదు. కాబట్టి ఫోన్ చేస్తారు.

ఆ ఫోన్ ఆవిడ టేబుల్ మీదే ఉంటుంది. మోగినప్పుడల్లా "అబ్బబ్బ, ప్రాణం తోడేస్తున్నారు" అంటుంది. రెండోసారి మోగేలోపు ఎత్తేస్తుంది.

"ముప్పై ఒకటా? కంగారు పడకండి. ట్యూబు మీద చీటీ తడిసింది. తుడిచి మళ్ళీ పెట్టండి."

"ఏడా? కంగారు పడకండి. వెనక కేబుల్ వదులైంది. నేల తుడిచేవాళ్ళు కదిపుంటారు, వెళ్ళి నొక్కండి."

అవతల నుంచి కాసేపటికి "వచ్చేసింది మేడం" అని వినిపిస్తుంది. ఆ ఒక్క మాట కోసం ఆవిడ భోజనం కూడా టేబుల్ దగ్గరే చేస్తుంది. ఇంట్లో ఆవిడ ఏం చెప్పినా మొగుడు పేపర్లోంచి తల ఎత్తడు. అత్తగారు "అలాగేలే" అని తనకి తోచినట్టు చేస్తుంది. ల్యాబుల వాళ్ళు మాత్రం చెప్పింది చెప్పినట్టు చేసి, ఫలితం చూసుకుని, థాంక్స్ కూడా చెబుతారు. అందులో ఊరవతల పెద్ద ల్యాబులో పనిచేసే సీనియర్ టెక్నీషియన్ ఒకావిడ ఉంది. గడగడా మాట్లాడుతుందని పెద్దకోడలు ఆవిడకి గడగడావిడ అని పేరు పెట్టుకుంది. ఎన్నో ఏళ్ళుగా ఫోన్లోనే స్నేహం, మనిషిని చూసింది లేదు.

చిన్నకోడలు వచ్చిన కొత్తలో ఎక్కువ మాట్లాడేది కాదు. గదిలో మిగిలినవాళ్ళంతా చెవుల్లో ఏదో ఒకటి పెట్టుకుని పనిచేస్తుంటే ఆ పిల్ల ఊరికే కూర్చుని పనిచేసుకునేది. అడిగినదానికి సమాధానం, లేకపోతే చిరునవ్వు. ఆ చిరునవ్వు చూస్తే పెద్దకోడలికి ఒళ్ళు మండేది. ఎందుకంటే అందరికీ అది నచ్చుతోంది. చిన్నకోడలు టీ పెడితే అత్తగారు "ఎంత బాగా పెట్టావే" అంటుంది. అదే పొడి, అవే పాలు, అదే గిన్నె. పెద్దకోడలు ఒకసారి తను పెట్టిన టీనే చిన్నకోడలి చేత పంపించి చూసింది. అప్పుడూ "ఎంత బాగా పెట్టావే" అనే వినిపించింది లోపల నుంచి.

ఒకరోజు మీటింగులో చిన్నకోడలు చెయ్యెత్తింది.

"సార్, లైబ్రరీలో ప్రతి ఎర్రర్‌కీ దాని సొంత టైపు పెడదామా?"

ఆ మేనేజర్ దేనికైనా "చూద్దాం" అంటాడు. అందుకని ఆఫీసులో అందరూ ఆయన్ని చూద్దాం సార్ అంటారు, ఆయన లేనప్పుడు. "అంటే?" అన్నాడు.

"ఇప్పుడు అన్ని ఎర్రర్లకీ ఒకటే టైపు, లోపల నంబరు. ఇంట్లో అందర్నీ ఒరేయ్ అని పిలిస్తే ఎవరు పలకాలో తెలియదు కదా సార్, అలా ఉంది. చీటీ తడిస్తే అది ఒక టైపు, కేబుల్ ఊడితే అది ఇంకో టైపు. పేరులోనే సంగతి తెలిసిపోతుంది. తెరమీద ఏం చేయాలో కూడా మాటల్లో వస్తుంది. అన్నిటినీ రెండు కుటుంబాలు చేస్తాను. కాసేపాగి మళ్ళీ అడిగితే సరిపోయేవి ఒక కుటుంబం. వాటిని లైబ్రరీయే ఆగి మళ్ళీ అడుగుతుంది, మనిషిని కదపదు. రెండో కుటుంబం వస్తే మాత్రం అంతా ఆపేసి మనిషిని పిలుస్తుంది."

"ఇన్నాళ్ళూ నడవలేదా?" అంది పెద్దకోడలు.

"నడిచింది అక్కా. మీరు ఫోన్ ఎత్తబట్టి నడిచింది. మీరు ఒకరోజు సెలవు పెడితే ల్యాబులు ఆగిపోతున్నాయి."

ఆ మాటలో వెటకారం లేదు. పెద్దకోడలు ఎంత వెతికినా దొరకలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

చూద్దాం సార్ కాసేపు గడ్డం గోక్కుని, "రాయండి చూద్దాం. రివ్యూ పెద్దమేడం చేస్తారు. శుక్రవారం అందరికీ చూపించండి. ఇకమీదట లైబ్రరీ ఎవరి చేతిలో ఉండాలో కూడా ఆ రోజే తేల్చేద్దాం" అన్నాడు.

ఎవరి చేతిలో ఉండాలో. పెద్దకోడలి చెవుల్లో ఆ మాట స్కూటర్ మోత కన్నా గట్టిగా వినిపించింది దారంతా. వెనక కూర్చున్న చిన్నకోడలు ఎప్పట్లాగే సంచి ఒళ్ళో పెట్టుకుని, మలుపు దగ్గర "అక్కా, జాగ్రత్త" అంది. మలుపు తిరగడం కూడా ఈ పిల్లే నేర్పాలి కాబోలు అనుకుంది పెద్దకోడలు.

ఆ సాయంత్రమే ఇంకొకటి జరిగింది. అత్తగారు హాల్లో కూర్చుని కూరగాయలు తరుగుతూ, "ఇంతకీ మీరిద్దరూ ఆఫీసులో ఏం చేస్తారమ్మా?" అని అడిగింది. చిన్నకోడలు కత్తి అందుకుని తను తరుగుతూ చెప్పింది. యంత్రం, ట్యూబులు, యంత్రం అలిగినప్పుడు ఎందుకు అలిగిందో ల్యాబు వాళ్ళకి తెలిసేలా చెప్పడం. నాలుగు ముక్కల్లో అయిపోయింది.

అత్తగారు నవ్వింది. "ఓహో, ఇదా. ఇన్నేళ్ళుగా పెద్దమ్మాయి చేస్తోంది గానీ ఏం చేస్తుందో నాకు ఒక్కనాడూ అర్థం కాలేదు. నువ్వు చెబితే తెలిసింది."

పెద్దకోడలు వంటింట్లో ఉంది. చెప్పలేదా తను? ఎన్నిసార్లు మొదలుపెట్టింది? మొదలుపెట్టగానే "పొయ్యి మీద పాలు చూశావా" అని అడ్డం వచ్చింది ఎవరు? కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడ్చినా ఎవరూ చూడరని తెలిసి ఊరుకుంది.

రివ్యూ అంటే ఒకరు రాసినదాన్ని ఇంకొకరు చదివి, తప్పులుంటే చెప్పడం, బాగుంటే ఓకే అని పెట్టడం. ఓకే పడకపోతే అది గడప దాటదు. చిన్నకోడలు రాసినదంతా పెద్దకోడలు ఈకకు ఈక, తోకకు తోక పీకింది. ఈ టైపు పేరు పొడవైంది, కుదించు. కుదించాక, ఇప్పుడు అర్థం కావడం లేదు, పెంచు. ఈ రెండు టైపులూ ఒకటే కదా. కావా, అయితే ఎందుకు కావో పైన రాయి. చిన్నకోడలు దేనికీ ఎదురు చెప్పలేదు. "సరే అక్కా" అని దిద్దుకుంటూ పోయింది. ఒక్కసారి విసుక్కున్నా పెద్దకోడలికి ఎంతో ఊరటగా ఉండేది.

పని బాగుంది. చదివిన కొద్దీ అది ఒప్పుకోక తప్పడం లేదు, ఒప్పుకున్న కొద్దీ కడుపు మండుతోంది. తను అన్నిటినీ ఒక గంపలో పడేసింది. ఈ పిల్ల ఒక్కొక్కదాన్నీ తీసి తుడిచి, పేరు పెట్టి, వరసలో నిలబెట్టింది. ఇంత మంచి ఆలోచన తనకి ఎందుకు రాలేదు? రాకపోవడం ఏమిటి, తీరిక ఏదీ, ఫోన్ మోగుతూ ఉంటే.

సోమవారం సాయంత్రం ఆవిడ కళ్ళు ఒకచోట ఆగాయి.

ఇరవైమూడు. యంత్రం జవాబు ఇవ్వనప్పుడు వచ్చే నంబరు. చిన్నకోడలు దానికి 'యంత్రం ఖాళీగా లేదు' అని పేరు పెట్టి మొదటి కుటుంబంలో వేసింది. అంటే లైబ్రరీ కాసేపాగి తనంతట తనే మళ్ళీ అడుగుతుంది.

యంత్రం జవాబు ఇవ్వకపోవడానికి రెండు కారణాలుంటాయి. ఒకటి, రక్తం పీల్చే సూదిని కడుక్కుంటూ ఉంటుంది. ఆగి మళ్ళీ అడిగితే చెబుతుంది, ఏ ఇబ్బందీ లేదు. రెండోది ఎప్పుడో గానీ జరగదు. జవాబు ఇవ్వబోతూ ట్రేని ఒక గడి ముందుకు జరిపేస్తుంది. అప్పుడు మళ్ళీ అడిగినా తడుముకోకుండా చెబుతుంది, కాకపోతే పక్క ట్యూబు సంగతి చెబుతుంది. ఒకరి రక్తం ఇంకొకరి పేరు మీద పడుతుంది. ఈ సంగతి యంత్రంతో వచ్చిన పుస్తకంలో లేదు. లైబ్రరీ రాసే రోజుల్లో పెద్దకోడలు ల్యాబులో యంత్రం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని కనిపెట్టింది. ట్రే ఏ గడి మీద ఉందో అడిగితే యంత్రం చెబుతుంది, తేడా తెలిసిపోతుంది. ఆ రోజే అది అడిగించి రెండు నంబర్లు చేసి ఉండొచ్చు. కానీ అప్పటికే ఫోన్లు మొదలయ్యాయి. ఇరవైమూడు అనగానే "ట్రే కదిలిన చప్పుడు వచ్చిందా?" అని అడిగేది. వచ్చిందంటే ఒకటి చెప్పేది, రాలేదంటే ఇంకొకటి చెప్పేది. ప్రోగ్రాం అడగాల్సిన ప్రశ్న తన నోటితో అడగడం ఆవిడకి బాగుండేది.

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది. చాలా రోజుల తర్వాత హాయిగా ఊపిరి పీల్చుకుంది.

ఇప్పుడే చెప్పేయొచ్చు. పక్క కుర్చీయే. చెబితే ఏమవుతుంది? "సరే అక్కా" అని దిద్దుకుంటుంది. శుక్రవారం అందరూ చప్పట్లు కొడతారు, లైబ్రరీ ఆ పిల్ల చేతికి వెళుతుంది. అదే శుక్రవారం, గది నిండా మనుషులుండగా, తీరిగ్గా అడిగితే? "అమ్మాయ్, యంత్రం జవాబు ఇవ్వకపోతే మళ్ళీ అడగమన్నావు. పక్క ట్యూబు జవాబు వస్తే?" అందరూ చిన్నకోడలి వైపు చూస్తారు. ఆ చిరునవ్వు ఎక్కడికి పోతుందో చూడాలి. అప్పుడు తనే పెద్దమనసు చేసుకుని, "పోనీలెండి సార్, కొత్త కదా, నేను చూసుకుంటాను" అంటుంది. ఆ మాట ఏ గొంతుతో అనాలో కూడా మనసులో ఒకసారి అనుకుని చూసుకుంది.

ఓకే పెట్టకపోతే శుక్రవారం చూపించేదే ఉండదు. శుక్రవారం దాకా దీన్ని ఎవరూ వాడరు, ఎవరికీ నష్టం లేదు. పెద్దకోడలు ఓకే నొక్కింది.

ఇంటికి వస్తూ స్కూటర్ మీద కూనిరాగం కూడా తీసింది. వెనక నుంచి చిన్నకోడలు, "అక్కా, ఇవాళ హుషారుగా ఉన్నారు" అంది.

"నీ పని బాగా వచ్చిందిగా, అందుకే" అంది పెద్దకోడలు.

బుధవారం ఫోన్ మోగింది. గడగడావిడ.

"మేడం, మీకు థాంక్స్ చెబుదామని చేశా. ఇక మిమ్మల్ని విసిగించే పని తప్పింది."

"ఏమైంది?"

"కొత్తది ఇచ్చారుగా మాకు, ట్రయల్ అని. నిన్న మీ సార్ ఫోన్ చేశారు. మా పెద్దమేడం చూసి ఓకే చేశారు, ఇక భయం లేదు, మీరు వాడి చూసి ఎలా ఉందో చెప్పండి అన్నారు. పొద్దున్నించి వాడుతున్నాం. అబ్బ, ఎంత బాగుందో. చీటీ తడిసిందంటే తుడుస్తున్నాం, కేబుల్ చూడమంటే చూస్తున్నాం. మా కొత్తవాళ్ళు నన్ను కూడా ఏమీ అడగట్లేదు. ఎవరు చేశారో గానీ చెయ్యి తిరిగిన మనిషి."

ఇన్నేళ్ళ స్నేహం. తనని ఎప్పుడైనా అందా ఆ మాట? పెద్దకోడలు ఫోన్ ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చింది. "మా తోడికోడలు" అంది చివరికి.

"అదృష్టవంతులు. యంత్రం ఖాళీగా లేదని ఇందాక రెండుసార్లు వచ్చింది. దానంతటదే ఆగి, దానంతటదే అడిగి తెచ్చేసుకుంది. నేను టీ తాగి వచ్చేసరికి రెండు రిపోర్టులూ రెడీ."

పెద్దకోడలు కుర్చీలో నిటారుగా కూర్చుంది. "ట్రే కదిలిందా?"

"ఎవరు చూశారు మేడం? ఇప్పుడు చూడక్కర్లేదుగా."

"ఆ రిపోర్టులు ఎక్కడున్నాయి?"

"ఒకటి ఇక్కడే ఉంది. ఒకటి ఇచ్చేశాం. వాళ్ళ నాన్నది, కూతురొచ్చి తీసుకెళ్ళింది."

"ఆ అమ్మాయికి ఫోన్ చేసి వెనక్కి పిలవండి. ఇద్దరి రక్తమూ మళ్ళీ పరీక్ష చేయండి. ముందు కొత్తది ఆపేసి పాతది పెట్టండి."

"ఏమైంది మేడం?"

"ముందు పిలవండి."

ఫోన్ పెట్టేసింది. పక్కకి తిరిగింది. "అమ్మాయ్, ఇరవైమూడుని తప్పు కుటుంబంలో పెట్టావు. అది ఒకటి కాదు, రెండు."

సూది కడుక్కోవడం, ట్రే జరగడం, పక్క ట్యూబు, అన్నీ చెప్పింది. చిన్నకోడలి మొహం పాలిపోయింది. సోమవారం నుంచీ చూడాలని ముచ్చటపడిన మొహమే, ఇప్పుడు ఎదురుగా ఉంటే చూడబుద్ధి కాలేదు. ఆ పిల్ల మాత్రం ఎందుకు చెప్పలేదని అడగలేదు, తెర వైపు తిరిగిపోయింది.

"ట్రే ఏ గడి మీద ఉందో అడిగితే చెబుతుందా అక్కా?"

"చెబుతుంది."

"అయితే ముందు అది అడుగుదాం. గడి మారితే రెండో కుటుంబంలోకి కొత్త టైపు." వేళ్ళు పరిగెత్తాయి. ఇరవైమూడు రెండు టైపులైంది. కాసేపటికి ఆగి, "దీనికి తెరమీద ఏం రావాలి? ఫోన్లో అయితే మీరేమంటారు?" అంది.

"ఏమంటాను. ట్యూబు జరిగిపోయింది. ఎవరూ ఏమీ ముట్టుకోకండి. నంబర్లు సరిచూసి మొదటి నుంచీ పెట్టండి అంటాను."

చిన్నకోడలు ఆ ముక్కలు అలాగే కొట్టింది. వాటి ముందు 'కంగారు పడకండి' అని చేర్చింది. "మీరు ఎప్పుడూ ముందు అదే అంటారుగా."

పెద్దకోడలు తెరకి దగ్గరగా జరిగింది. పైనా కిందా ఉన్న మిగతా ఎర్రర్లు చదివింది. కంగారు పడకండి, చీటీ తడిసింది, తుడిచి మళ్ళీ పెట్టండి. కంగారు పడకండి, వెనక కేబుల్ వదులైంది, వెళ్ళి నొక్కండి. ఇన్ని రోజులూ ఇవే చదివింది. తప్పులు పట్టడానికి చదివింది కాబట్టి గొంతు ఎవరిదో వినిపించలేదు.

"ఇవన్నీ నీకెక్కడివి?"

"మీరు ఫోన్లో చెప్పినవే అక్కా. పక్కనే కూర్చుంటానుగా, వింటూ రాసుకున్నాను. మీలా తేలిగ్గా చెప్పడం నాకు రాదు. ఇరవైమూడు మాత్రం నేనొచ్చాక ఒక్కసారే వచ్చింది. అప్పుడు మీరు కాసేపాగి మళ్ళీ అడగండి అన్నారు. అది విని అక్కడ పెట్టాను."

ఆ ఫోన్ పెద్దకోడలికి గుర్తుంది. చేసింది గడగడావిడే. ఏం అడుగుతారో ఆవిడకి అలవాటే కాబట్టి, అడగకముందే "ట్రే కదల్లేదు మేడం" అనేసింది. ప్రశ్న తన నోటి దాకా రాలేదు. రాని మాట ఈ పిల్ల ఎలా వింటుంది?

ఇన్నేళ్ళలో తన మాట ఇంత శ్రద్ధగా విన్నవాళ్ళు ఒక్కరు లేరు. ఆ సంగతి తెలిసి సంతోషించాలి. కానీ పెద్దకోడలికి ఇంకో మంట మొదలైంది. తన మాటలు తనని వదిలేసి అన్ని ల్యాబుల్లోకీ వెళ్ళిపోయాయి. అక్కడ మంచిపేరు తెచ్చుకుంటున్నాయి, ఈ పిల్ల పేరు మీద. ఇక తన ఫోన్ ఎవరికి కావాలి?

సాయంత్రం గడగడావిడ మళ్ళీ చేసింది. ఈసారి గడగడ లేదు. "మారాయి మేడం. రెండింట్లో ఒకసారి ట్రే జరిగి, అక్కడి నుంచి పక్కవాళ్ళది కూడా తప్పింది. ఆ పెద్దాయనకి ఏమీ లేదు, ఉందని ఇచ్చాం. పాపం, ఆ అమ్మాయి బస్టాపులో కూర్చుని ఏడుస్తోందట మేం పిలిచేసరికి. నిజంగా జబ్బున్నవాళ్ళకి బాగుందని రాసిన రిపోర్టు ఇక్కడే ఉండబట్టి సరిపోయింది. మీరు అడగబట్టి బయటపడ్డాం మేడం."

పెద్దకోడలు "సరేనండి" అని పెట్టేసింది. ఎవరి తండ్రో, ఎవరి కూతురో. ఆ బస్టాపు మాత్రం కళ్ళ ముందు నుంచి పోలేదు.

శుక్రవారం గది నిండింది. చిన్నకోడలు కొత్త టైపులన్నీ చూపించింది. చూద్దాం సార్ లేచి, ల్యాబులో జరిగింది అందరికీ చెప్పి, "ఇంత చిక్కు గంటలో విప్పిందంటే మాటలా? ఈ అమ్మాయిని మెచ్చుకోవాలి" అన్నాడు.

"అది పట్టుకున్నది నేను కాదు సార్" అంది చిన్నకోడలు. "అక్క. ట్రే సంగతి అక్కకి తప్ప ఎవరికీ తెలియదు. ఆ తప్పు చేసింది నేను."

చూద్దాం సార్ పెద్దకోడలి వైపు తిరిగాడు. "చూశారా, ఓకే చేసేశాం కదా అని వదిలేయలేదు. ఆ తర్వాత కూడా ఆలోచిస్తూనే ఉన్నారు. అదీ అనుభవం అంటే. లైబ్రరీ పెద్దమేడం చేతిలోనే ఉండాలి. ఇందులో ఇక చూసేదేమీ లేదు."

చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా చిన్నకోడలు కొట్టింది. పెద్దకోడలు తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. కావాలనుకున్నది చేతికొచ్చింది. సోమవారమే చూశానని చెబితే పోతుంది. చెప్పలేదు.

ఆ సాయంత్రం వంటింట్లో పెద్దకోడలు గిన్నెలు కడుగుతుంటే చిన్నకోడలు పక్కన నిలబడి తుడుస్తోంది. హాల్లో అత్తగారు టీవీ చూస్తోంది.

"అక్కా, ఒకటి అడగనా?"

"అడుగు."

"బుధవారం మీరు నా వైపు తిరిగి, ఇరవైమూడుని తప్పు కుటుంబంలో పెట్టావు అన్నారు. అప్పుడు మీ తెరమీద నా కోడ్ లేదు, ఏదో మెయిల్ ఉంది."

పెద్దకోడలు కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది. "రివ్యూ చేసింది నేనేగా, గుర్తుండదా ఏంటి?"

"అదే అక్కా. దాన్ని ఎక్కడ పెట్టానో గుర్తుంది. అక్కడ పెట్టకూడదనీ మీకు తెలుసు. మరి ఓకే పెట్టారు."

ఆ పిల్ల గొంతులో కోపం లేదు. లెక్క తేలక అడుగుతున్నట్టు అడిగింది. పెద్దకోడలు నోరు తెరిచింది. చూడలేదని, హడావిడిలో జారిపోయిందని, చెప్పడానికి ఎన్నో ఉన్నాయి. అవేవీ ఈ పిల్ల దగ్గర నిలబడవని తెలిసిపోతోంది. కుళాయి కట్టేసింది.

"శుక్రవారం చెబుదామనుకున్నాను."

"అందరి ముందా?"

పెద్దకోడలు కుళాయి మళ్ళీ తిప్పింది.

చిన్నకోడలు తుడిచిన గిన్నెల్ని ఒక్కొక్కటే అల్మరాలో పెట్టింది. తుడిచే గుడ్డని మడిచి తీగ మీద ఆరేసింది. "మీరు ఓకే అంటే చాలు, ఇక చూసుకోనక్కర్లేదు అనుకునేదాన్ని అక్కా" అంది. "సోమవారం సార్‌ని అడిగి వేరే పనిలోకి మారిపోతాను. ఎందుకో చెప్పనులెండి. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పను."

హాల్లోకి వెళ్ళింది. "ఏంటమ్మా, అంతసేపు ఇద్దరూ మాటలు?" అన్న అత్తగారి గొంతు వినిపించింది.

"ఆఫీసు సంగతులే అత్తయ్యా. లైబ్రరీ అక్క చేతికే ఇచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు."

"అవునా, ఒక్క ముక్క చెప్పలేదు చూడు. పెద్దమ్మాయ్, ఇలా రా, ఏంటట అది?"

పెద్దకోడలు వంటింట్లోనే నిలబడిపోయింది. ఇంత జరిగాక కూడా ఆవిడకి కలిగింది అసూయే. ఎవరికీ చెప్పనని అనడం ఆ పిల్లకి అంత తేలిగ్గా ఎలా వచ్చింది? తనే ఆ పిల్ల స్థానంలో ఉంటే, ఈపాటికి అత్తగారి గదిలో ఉండేది, తలుపు దగ్గరగా వేసుకుని.